నిప్పుకోడికి చుట్టాలెవరు? ఎగరలేని పక్షుల వంశక్రమం

నిప్పుకోడి అనీ ఉష్ట్రపక్షి అనీ తెలుగులో పిలుచుకునే ఆస్ట్రిచ్‌ను ఒంటెతో పోల్చడం చాలా పాత అలవాటు. పారశీకులు దానిని శుతుర్‌ముర్గ్ అన్నారు, అంటే ఒంటెపక్షి. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ దానికి స్ట్రూథియో కామెలస్ అని శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కూడా ఆ పోలికనే నిలబెట్టాడు. పొడవాటి మెడ, పెద్ద కళ్లు, ఇసుక నేలను తట్టుకునే పాదాలు చూసినవారికి ఒంటె గుర్తుకు రావడం సహజం. ఆ పోలిక పైపైదేనని ఎవరికీ చెప్పనక్కరలేదు. కానీ ఈము, రియా, కాసోవరీ, కివీ పక్షులతో నిప్పుకోడికి ఉన్న పోలిక కూడా చాలావరకు పైపైదేనని తేలడానికి శాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్నేళ్ల కిందట చాలాచోట్ల ఈము ఫారాలు వెలిసినప్పుడు, ఆ పక్షిని చిన్న ఆస్ట్రిచ్ అనుకున్నవారు ఉన్నారు. ఆ రెండింటికీ తేడా పాదాల దగ్గరే తెలిసిపోతుంది. ఈముకు మూడు వేళ్లు ఉంటాయి. రియాకు, కాసోవరీకి కూడా మూడే. నిప్పుకోడికి మాత్రం రెండే వేళ్లు మిగిలాయి. లోపలివైపు వేలు బాగా పెద్దది, దాని చివర గిట్టను తలపించే మందపాటి గోరు ఉంటుంది. బయటివైపు వేలు చిన్నది, దానికి సాధారణంగా గోరు ఉండదు. ఈనాడు బతికి ఉన్న పక్షుల్లో రెండు వేళ్ల పాదం నిప్పుకోడిది ఒక్కదానిదే. గంటకు 70 కిలోమీటర్ల దాకా పరుగెత్తే ఆ పక్షికి, పరుగులో నేలను తాకే భాగం ఎంత తగ్గితే కాలు అంత తేలికవుతుంది. గుర్రం వంశంలో అనేక వేళ్ల పాదం ఒకే గిట్టగా మారడానికి కారణం కూడా ఇదే. ఈ రెండు వేళ్ల సంగతిని గుర్తుంచుకోవాలి. శిలాజాల్లో నిప్పుకోడి పూర్వీకులను వెతికేవారికి అదే పెద్ద ఆనవాలు అయింది.

ఎగరలేని పెద్ద పక్షులన్నింటినీ ఒకే గుంపుగా చేర్చడానికి మొదటి ఆధారం రొమ్ము ఎముక. ఎగిరే పక్షి రొమ్ము ఎముక మధ్యలో, పడవ అడుగున నిలువుగా సాగే దూలంలాంటి గట్టు ఒకటి ఉంటుంది, రెక్కలాడించే బలమైన కండరాలు దానికే అతుక్కుని ఉంటాయి. నిప్పుకోడి, ఈము, రియా, కాసోవరీ, కివీలకు ఆ గట్టు లేదు, ఎముక చదునుగా ఉంటుంది. 1813లో జర్మన్ శాస్త్రవేత్త బ్లాసియస్ మెర్రెమ్ ఈ చదును రొమ్ము పక్షులకు రాటిటే అని పేరు పెట్టాడు. రాటిస్ అంటే లాటిన్‌లో తెప్ప. పేరు చక్కగా అతికింది. అయితే అది ఒక అవయవం లేకపోవడాన్ని ఆధారంగా తీసుకున్న వర్గీకరణ. ఉన్న లక్షణం వారసత్వంగా వచ్చిందని చెప్పడం కొంత సులువు. ఒక లక్షణం లేకపోవడం మాత్రం ఎవరికి వారు విడివిడిగా పోగొట్టుకున్నా ఒకేలా కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన గందరగోళానికి చాలావరకు మూలం ఇక్కడే ఉంది.

1867లో ఇంగ్లండ్‌లో థామస్ హెన్రీ హక్స్‌లీ పుర్రెను తలకిందులు చేసి అంగిలి వైపు నుంచి పరిశీలించాడు. కోడి, కాకి, గద్ద వంటి అత్యధిక పక్షుల్లో అంగిలి వెనుకభాగపు ఎముకల మధ్య కదిలే కీలు ఉంటుంది. నిప్పుకోడి వంటి పక్షుల్లో ఆ ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి, మధ్యనున్న ఎముక కూడా పెద్దదిగా వెనక్కి సాగి ఉంటుంది. దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉండే టినామూ అనే పక్షులకు కూడా అంగిలి ఇలాగే ఉందని హక్స్‌లీ గమనించాడు. టినామూలు చూడటానికి మన కౌజు పిట్టల్లా ఉంటాయి. రొమ్ము ఎముకకు గట్టు ఉంది, ఎక్కువ దూరం కాకపోయినా ఎగరగలవు. అందుచేత రొమ్ము ఎముకను బట్టి ఒక గుంపు, అంగిలిని బట్టి కొంచెం పెద్ద గుంపు ఏర్పడ్డాయి. 1900లో విలియం పైక్రాఫ్ట్ ఈ పెద్ద గుంపుకు పేలియోగ్నాథే, అంటే పాతకాలపు దవడ పక్షులు, అని పేరు పెట్టాడు. టినామూలను పక్కన నిలబెట్టి, మిగిలిన ఎగరలేని పక్షులన్నీ ఒకే తల్లి పిల్లలని భావించడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

ఖండాల చలనం రుజువయ్యాక ఆ భావనకు పెద్ద బలం దొరికింది. ఆఫ్రికాలో నిప్పుకోడి, మడగాస్కర్‌లో అంతరించిన ఏనుగు పక్షి, దక్షిణ అమెరికాలో రియా, ఆస్ట్రేలియాలో ఈము, న్యూగినీ ప్రాంతంలో కాసోవరీ, న్యూజీలాండ్‌లో కివీ, అక్కడే అంతరించిన మోవా. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే మహాఖండంలో కలిసి ఉండేవి. ఎగరలేని ఒక పూర్వీక పక్షి ఆ మహాఖండమంతటా తిరిగిందని, నేల ముక్కలై విడిపోయినప్పుడు ఒక్కో ముక్క మీద ఒక్కో శాఖ మిగిలిపోయిందని 1974లో జోయల్ క్రాక్రాఫ్ట్ సవివరంగా ప్రతిపాదించాడు. వినడానికి ఎంతో అందమైన వివరణ. సముద్రం దాటలేని పక్షులు సముద్రాలకు ఇరువైపులా ఎలా ఉన్నాయన్న ప్రశ్నకు, పక్షులు దాటలేదు, నేలే కదిలింది అని ఒక్కమాటలో అది జవాబిచ్చింది. పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు దీనినే చెప్పాయి.

ఆ వివరణ నిజమైతే చుట్టరికాల క్రమం, ఖండాలు విడిపోయిన క్రమంతో సరిపోవాలి. న్యూజీలాండ్ పక్షులైన కివీ, మోవా పరస్పరం దగ్గరి బంధువులు కావాలి. మడగాస్కర్ ఏనుగు పక్షికి పక్కనున్న ఆఫ్రికా నిప్పుకోడి దగ్గర కావాలి. డీఎన్‌ఏ పరీక్షలు మొదలయ్యాక ఈ రెండూ తప్పని తేలాయి. మోవా ఎముకల నుంచి తీసిన పురాతన డీఎన్‌ఏ, కివీకి మోవా కంటే ఈము, కాసోవరీలే దగ్గరని 1992లోనే సూచించింది. 2008లో జాన్ హార్ష్‌మన్ బృందం అనేక జన్యువులను పోల్చి, ఎగరగలిగే టినామూలు ఈ కుటుంబానికి వెలుపల కాక లోపలే ఉన్నాయని చూపించింది. 2010లో మాథ్యూ ఫిలిప్స్ బృందం ఇంకొక అడుగు వేసి, న్యూజీలాండ్ మోవాకు అత్యంత దగ్గరి చుట్టం దక్షిణ అమెరికా టినామూయేనని తేల్చింది.

వీటన్నింటికంటే ఆశ్చర్యపరిచిన ఫలితం 2014లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన కీరన్ మిచెల్, ఆలన్ కూపర్ బృందం ఏనుగు పక్షి ఎముకల నుంచి డీఎన్‌ఏను సేకరించి చూస్తే, దానికి అందరికంటే దగ్గరి బంధువు కివీ అని తెలిసింది. ఏనుగు పక్షి మూడు మీటర్ల ఎత్తు ఉండేది, బరువు అనేక వందల కిలోలు, గుడ్డు పొడవు 30 సెంటీమీటర్ల దాకా. కివీ కోడిపెట్టంత ఉంటుంది, రాత్రిపూట ముక్కుతో నేలను గుచ్చుతూ పురుగులను వెతుక్కుంటుంది. పైకి చూస్తే ఇంతకంటే పోలిక లేని జంట దొరకదు. ఈ రెండు శాఖలు సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట వేరుపడ్డాయని ఆ అధ్యయనం లెక్కకట్టింది. మడగాస్కర్ ఆఫ్రికా నుంచి సుమారు 16 కోట్ల సంవత్సరాల కిందటే, భారత భూభాగం నుంచి సుమారు 8.8 కోట్ల సంవత్సరాల కిందటే విడిపోయింది. న్యూజీలాండ్ భూభాగం సుమారు 8 కోట్ల సంవత్సరాల కిందట వేరుపడింది. అంటే ఈ రెండు పక్షుల ఉమ్మడి పూర్వీకుడు బతికి ఉన్నప్పటికి ఆ రెండు దీవుల మధ్య సముద్రాలు ఎప్పుడో పరుచుకుని ఉన్నాయి. నడిచి చేరే దారి లేదు. ఆ పూర్వీకుడు ఎగిరి ఉండాలి. న్యూజీలాండ్‌లోని సెయింట్ బాథన్స్ వద్ద దొరికి, 2013లో వర్ణితమైన చిన్న కివీ జాతి శిలాజం ప్రోయాప్టెరిక్స్ బహుశా ఎగరగలిగి ఉండేదన్న అభిప్రాయం కూడా ఈ వాదనకు తోడైంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. ఎగిరే చిన్న పక్షులు వేర్వేరు భూభాగాలకు చేరి, అక్కడ విడివిడిగా ఎగరడం మానుకుని, విడివిడిగా పెరిగి పెద్దవయ్యాయి. కనీసం మూడుసార్లు, బహుశా అంతకంటే ఎక్కువసార్లు ఇలా జరిగిందని నేటి అంచనా. జీవశాస్త్రం దీనిని అభిసారి పరిణామం అంటుంది. ఇన్నిసార్లు ఒకే దారి పట్టడానికి కారణం వెతకడం కష్టం కాదు. 6.6 కోట్ల సంవత్సరాల కిందట పక్షులు కాని డైనోసార్లు అంతరించాక, నేల మీద మేత మేసే పెద్ద జీవుల స్థానం కొంతకాలం ఖాళీగా ఉంది, క్షీరదాలు ఇంకా పెరగలేదు. రెక్కల కండరాలను పోషించడం ఏ పక్షికైనా ఖరీదైన పని. శత్రువు నుంచి పైకి లేవాల్సిన అవసరం తగ్గిన చోట ఆ ఖర్చు దండగ అవుతుంది. 2019లో ప్రచురితమైన ఒక జన్యు అధ్యయనంలో టిమ్ శాక్టన్ బృందం, ఈ శాఖల్లో మార్పులు ఎక్కువగా ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్లో కాక, వాటిని ఎప్పుడు ఎక్కడ పనిచేయించాలో నిర్దేశించే డీఎన్‌ఏ భాగాల్లో ఒకేలా పునరావృతమయ్యాయని చూపించింది. రెక్కను తయారుచేసే పనిముట్లు అలాగే ఉన్నాయి, వాటిని వాడే వేళలు మారాయి. ఆ మార్పు ఎంతవరకు వెళ్లగలదో మోవా అస్థిపంజరం చెబుతుంది. అందులో రెక్క ఎముక ఒక్కటి కూడా లేదు.

ఈ కొత్త వంశవృక్షంలో నిప్పుకోడి స్థానం ప్రత్యేకమైనది. బతికి ఉన్న పాతకాలపు దవడ పక్షుల్లో మొట్టమొదట వేరుపడిన కొమ్మ దానిదే. రియా, ఈము, కాసోవరీ, కివీ, టినామూలు, అంతరించిన మోవా, ఏనుగు పక్షి, ఇవన్నీ కలిసి రెండో వైపు ఉంటాయి. కాబట్టి ఈముకు నిప్పుకోడి కంటే ఎగిరే టినామూయే దగ్గరి చుట్టం. రాటిటే అనే పేరును ఒక వంశానికి పేరుగా ఇప్పుడు వాడటం సరికాదు, ఒక ఆకారానికి పేరుగా మాత్రమే వాడవచ్చు. ఆస్ట్రేలియాలో అంతరించిన భారీ డ్రోమోర్నిస్ పక్షులు చూడటానికి ఇదే కోవలో కనిపించినా, అవి కోళ్లు, బాతుల వైపు బంధువులు. ఆకారాన్ని నమ్మి వర్గీకరిస్తే వాటిని కూడా ఇక్కడే చేర్చాల్సి వస్తుంది.

మరి నిప్పుకోడి కొమ్మ ఎక్కడ మొదలైంది? ఉత్తర అమెరికా, ఐరోపాల్లో పాత శిలల్లో దొరికే లిథోర్నిస్ కుటుంబపు పక్షులకు పాతకాలపు అంగిలి ఉంది, రొమ్ము ఎముకకు గట్టు కూడా ఉంది, అవి బాగానే ఎగిరేవి. ఈ వర్గపు తొలి రూపం ఎలా ఉండేదో అవి కొంత చూపిస్తాయి. జర్మనీలోని మెసెల్, గైసెల్‌టాల్ తవ్వకాల్లో దొరికిన పేలియోటిస్ ఎగరలేని పక్షి, వయసు సుమారు 4.7 కోట్ల సంవత్సరాలు. 1928లో దానికి పేరు పెట్టిన కాల్మాన్ లాంబ్రెక్ట్ దానిని బట్టమేక పిట్టల కుటుంబంలోదిగా భావించాడు, ఆ పేరుకే పాత బట్టమేక పిట్ట అని అర్థం. అంగిలిని మళ్లీ పరిశీలించిన పీటర్ హౌడ్, హార్ట్‌మూట్ హౌబోల్డ్ 1987లో దానిని నిప్పుకోడి వైపు తెచ్చారు. ఆ స్థానం మీద చర్చ ఇంకా ముగియలేదు.

ఇంతకంటే బలమైన ఆధారం మధ్య ఆసియా నుంచి వచ్చింది. మంగోలియా, చైనా ప్రాంతాల్లో ఇయోగ్రూస్, ఎర్గిలోర్నిస్ వంటి పేర్లతో కొన్ని పొడవుకాళ్ల పక్షుల శిలాజాలు 20వ శతాబ్దం అంతా బయటపడుతూ వచ్చాయి. ఎక్కువగా దొరికినవి కాలి ఎముకలే. వాటి రూపం సారస పక్షుల కాలిని పోలి ఉండటంతో శాస్త్రవేత్తలు వాటిని సారస పక్షుల బంధువులుగా రాసుకున్నారు. కానీ ఆ ఎముకలను పాత నుంచి కొత్తకు వరుసగా పేర్చితే ఒక విశేషం కనిపిస్తుంది. కాలి ఎముక చివర ఒక్కో వేలు అతికే చోట చిన్న కప్పీలాంటి గుండ్రటి ఉబ్బు ఉంటుంది. ఇయోగ్రూస్‌లో అలాంటివి మూడు ఉన్నాయి, అయితే లోపలి వేలిది అప్పటికే చిన్నదైంది. ఎర్గిలోర్నిస్‌లో అది ఇంచుమించు ఆనవాలుగా మిగిలింది. ఆ తర్వాతి రూపాల్లో రెండే ఉన్నాయి, అచ్చం నిప్పుకోడి కాలికి ఉన్నట్టు. ఇది కూడా అభిసారి పరిణామమేనని, పరుగు పక్షులు కాబట్టి వేళ్లు తగ్గాయని చాలాకాలం సరిపెట్టుకున్నారు. 2021లో గెరాల్డ్ మాయర్, నికితా జెలెంకోవ్ ఇతర ఎముకల సూక్ష్మ లక్షణాలను కూడా కలిపి చూసి, ఇవి సారస పక్షులు కావని, నిప్పుకోడి పూర్వ శాఖకు చెందినవని వాదించారు. ఈ వాదన నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఎందుకంటే వేళ్లు తగ్గడం ఒక్కటే కాక, అంతకుముందు సారస పక్షులతో సరిగా పొసగని అనేక చిన్న విషయాలు దీనితో ఒక కొలిక్కి వచ్చాయి. ఇదే నిజమైతే నిప్పుకోడి వంశపు తొలి అడుగులు ఆసియా మైదానాల్లో పడ్డాయి, ఆఫ్రికా దాని రెండో ఇల్లు.

ఆఫ్రికాలో స్ట్రూథియో ప్రజాతికి, అంటే ఇప్పటి నిప్పుకోళ్లు ఉన్న దగ్గరి జాతుల గుంపుకు, చెందిన పాత శిలాజం నమీబియాలో దొరికిన స్ట్రూథియో కొప్పెన్సి. దాని వయసు సుమారు 2.1 కోట్ల సంవత్సరాలు, పరిమాణంలో ఇప్పటి నిప్పుకోడి కంటే చిన్నది. ఎముకలు అరుదు, గుడ్డు పెంకులు మాత్రం పుష్కలం. నమీబ్ ఎడారి ఇసుకరాళ్ల పొరల్లో ఒక్కో పొరలో ఒక్కో రకం పెంకు కనిపిస్తుంది. వాటిలో డయమంటోర్నిస్ అనే రకం పెంకు మీద గాలి రంధ్రాలు పెద్ద గుంటల్లా ఉంటాయి. పెంకులో రంధ్రాలు ఎలా అమరాయో చూసి ఆ పొర వయసు చెప్పగలిగేంతగా అక్కడి శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని మెరుగుపరిచారు. తర్వాతి కాలంలో నిప్పుకోళ్లు గ్రీస్, ఉక్రెయిన్, మోల్డోవా, చైనాల దాకా వ్యాపించాయి. జార్జియాలోని ద్మానిసి వద్ద 18 లక్షల సంవత్సరాల నాటి తొలి మానవుల ఎముకలు దొరికిన ప్రాంతంలోనే పాచిస్ట్రూథియో అనే భారీ పక్షి ఎముక కూడా దొరికింది. 2019లో క్రిమియాలోని తౌరిదా గుహ నుంచి అదే పక్షి తొడ ఎముకను వర్ణించిన జెలెంకోవ్ బృందం, దాని బరువును సుమారు 450 కిలోలుగా లెక్కకట్టింది. అది ఇప్పటి పెద్ద మగ నిప్పుకోడికి మూడింతలు.

భారతదేశంలో శివాలిక్ కొండల శిలాజాలను ఆధారం చేసుకుని 1871లో ఆల్ఫాన్స్ మిల్న్-ఎడ్వర్డ్స్ స్ట్రూథియో ఏషియాటికస్‌కు పేరు పెట్టాడు. గుడ్డు పెంకులు రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో అనేక చోట్ల దొరికాయి. మహారాష్ట్రలోని పాట్నే వద్ద పాతరాతి యుగపు మనుషులు పెంకు మీద గీతలు చెక్కారు, భీంబేట్కాలో పెంకును పూసలుగా మలిచారు. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు రాజస్థాన్, మధ్యప్రదేశ్ పెంకుల నుంచి పురాతన డీఎన్‌ఏను తీసి, కనీసం 25,000 సంవత్సరాల కిందటి ఆ పక్షి ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరిదని ధ్రువీకరించారు. ఎండ వేడిమి ఎక్కువగా ఉండే మన నేలలో ఎముకలో డీఎన్‌ఏ నిలవడం కష్టం, పెంకులోని సున్నపు స్ఫటికాల మధ్య మాత్రం అది కొంత భద్రంగా ఉంటుంది. 2024లో ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 సంవత్సరాల నాటి గూడు ఒకటి బయటపడినట్టు వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. కొద్దిపాటి జాగాలోనే సుమారు 3,500 పెంకు ముక్కలు, లెక్కకు తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు. రెండు మిల్లీమీటర్ల మందం ఉండే ఆ పెంకు ముక్కలు విరిగిన పింగాణీ పాత్ర ముక్కల్లా ఉంటాయి, సూక్ష్మదర్శిని కింద రంధ్రాల అమరిక చూశాకే గుర్తింపు ఖాయమవుతుంది.

ఈ గూడు దొరకడాన్ని చూసి, గోండ్వానా నుంచి విడిపోయి ఉత్తరానికి కదిలిన భారత భూభాగం మీదుగానే నిప్పుకోడి ఆసియాకు చేరిందన్న పాత ఊహను మళ్లీ ఎత్తుకోవడం తగదు. భారత ఫలకం ఆసియాను ఢీకొన్నది సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట. ఇక్కడి పెంకుల వయసు వేలల్లో ఉంది, శివాలిక్ ఎముకలు కూడా ఆ ఘటనకు చాలా తర్వాతివి. ఆ మధ్యకాలానికి మన దేశంలో ఆధారాలు లేవు. ప్రకాశం జిల్లా పక్షి ఆఫ్రికా, ఆసియాల్లో విస్తరించిన వంశానికి ఆసియాలో దక్షిణపు అంచు, ఆ వంశానికి మూలం కాదు. పెంకును బట్టి ప్రజాతిని చెప్పవచ్చు గాని, జాతిని ఖాయం చేయాలంటే ఎముకలు గాని, మరింత డీఎన్‌ఏ గాని కావాలి.

బతికి ఉన్న నిప్పుకోళ్ల వర్గీకరణ కూడా ఈ మధ్య మారింది. సోమాలియా, ఇథియోపియా, ఉత్తర కెన్యాల్లో ఉండే నీలిమెడ పక్షిని 1883లో అంటన్ రైషెనో వర్ణించాడు, తర్వాత చాలాకాలం దానిని ఉపజాతిగానే లెక్కించారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి నుంచి మాత్రమే సంక్రమించే డీఎన్‌ఏ) ప్రకారం అది మిగిలిన వాటి నుంచి 30 నుంచి 40 లక్షల సంవత్సరాల కిందటే వేరుపడింది. 2014 నుంచి పక్షుల సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ దానిని స్ట్రూథియో మొలిబ్డోఫేనిస్ అనే ప్రత్యేక జాతిగా గుర్తిస్తోంది. ఇది కేవలం పేరు మార్పు కాదు. ఉపజాతిగా ఉన్నంతకాలం దాని సంఖ్య తగ్గుదల మొత్తం నిప్పుకోళ్ల లెక్కలో కలిసిపోయేది, వేరు జాతి అయ్యాక దాని ముప్పును విడిగా చూడక తప్పదు.

అరేబియా నిప్పుకోడి విషయం దీనికి తిరగబడ్డది. 1919లో వాల్టర్ రోత్‌షీల్డ్ దానిని కొంచెం చిన్న పరిమాణం ఆధారంగా సిరియాకస్ అనే ఉపజాతిగా వేరుచేశాడు. తుపాకులు, మోటారు వాహనాలు ఎడారికి చేరాక వేట హద్దులు దాటింది. 1966లో జోర్డాన్‌లో కనిపించిన పక్షి తర్వాత దాని జాడ లేదు. దాచిన నమూనాల డీఎన్‌ఏను పరిశీలిస్తే అది ఉత్తర ఆఫ్రికా ఎర్రమెడ నిప్పుకోడికి ఎంత దగ్గరంటే, రెండింటినీ వేరుగా లెక్కించడమే కష్టం. ఆ ఆధారంతోనే 1990లలో సౌదీ అరేబియాలోని మహాజత్ అస్-సయ్ద్ రక్షిత ప్రాంతంలో సూడాన్ మూలానికి చెందిన ఎర్రమెడ నిప్పుకోళ్లను వదిలారు.